మొగిలిదిన్నె ఎర్ర చుక్కలు

తొమ్మిది రోజులుగా సలోమి కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతోంది. ప్రయోగశాలలో కుర్చీలో కూర్చున్న ఐదు నిమిషాలకే లేచేది. కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి అదే ఫోటో మీదికి వంగేది. ఆమె బల్ల సొరుగులో నాలుగు కాగితాలున్నాయి. వాటిని కోర్టుకు పంపమని ఎవరూ అడగలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఏం చేయాలో తేల్చుకోవలసింది ఆమే.

ఆ కాగితాల సంగతి తెలియాలంటే ముందు మొగిలిదిన్నె సంగతి చెప్పాలి. ఒంగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డు ఇసుకదిబ్బల వెనక, ఆ పేరుతో ఒక ఊరుండేది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, విమానాల నుంచి బాంబులు వేయడం సాధన చేయడానికి మైదానం కావాలని తెల్లదొరలు ఆ ఊరిని ఖాళీ చేయించారు. యుద్ధం ముగియగానే ఎవరి ఇల్లు వాళ్లకు ఇస్తామని దండోరా వేయించారు గానీ కాగితం ముక్క ఇవ్వలేదు. జనం ఉప్పు కాలువ దాటి అవతల చవిటి నేలలో గుడిసెలు వేసుకున్నారు. దానికి కొత్తదిన్నె అని పేరొచ్చింది. యుద్ధం ముగిసింది, దొరలు పోయారు, ఎనభై ఏళ్లు గడిచాయి. వాళ్లు మాత్రం ఇంకా ఆ చవిట్లోనే ఉన్నారు. అక్కడ వేసిన గింజ మొలవదు. మనిషి పోయి గొయ్యి తవ్వితే నడుము లోతుకే నీళ్లు ఊరతాయి.

పాత ఊరి భూమి మాదేనని వాళ్లు కోర్టుకెక్కారు. అక్కడ రొయ్యల చెరువులు తవ్వుదామనుకుంటున్న ఒక కంపెనీ అవతలి పక్షం. అక్కడ ఊరూ లేదు, బాంబులూ పడలేదు, ఆ గుంటలన్నీ పాతకాలపు ఉప్పు మళ్లు అని దాని వకీలు వాదించాడు. ఆ గుంటలు ఏమిటో తేల్చి చెప్పమని కోర్టు సలోమి పనిచేసే సంస్థను అడిగింది.

సలోమి పుట్టింది కొత్తదిన్నెలోనే. ఆరేళ్లప్పుడు తల్లి పోతే మేనమామ దేవదానం, అతని భార్య కరుణమ్మ పెంచి పెద్ద చేశారు. ఇప్పుడు ఆ కేసు నడుపుతున్నది దేవదానమే. ఈ చుట్టరికం సంగతి ఆమె మొదటిరోజే రాసి ఇచ్చింది. లెక్కంతా ఇంకొకరి చేత కూడా విడిగా వేయించమని కోర్టు చెప్పింది. వేయించారు. రెండు లెక్కలూ ఒకటే వచ్చాయి.

వాయిదా దగ్గరపడటంతో దేవదానం విజయవాడ వచ్చి ఆమె ఫ్లాట్‌లో దిగాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి నాలుగో అంతస్తు పంజరంలా అనిపించింది. పొద్దున్నే వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం మొదలుపెట్టేవాడు. పక్కింటావిడ తలుపు తీసి, ఎవరి కోసమన్నా ఎదురుచూస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. లేదమ్మా, కాళ్లు ఊరుకోవడంలేదు అని చెప్పాడు. సలోమి వంట చేస్తుంటే గడప దగ్గర నిలబడి, ఆ ఫోటోలు తనకు చూపించకూడదా అని అడిగేవాడు. నివేదిక కోర్టుకు చేరిపోయింది గనుక, నకలు ఇరుపక్షాలకూ అందింది గనుక, అభ్యంతరం లేదని పై అధికారి శేషగిరి గారు అన్నారు. ఒక శనివారం ఆమె మామను ప్రయోగశాలకు తీసుకెళ్లింది.

బల్ల మీద పక్కపక్కన రెండు ఫోటోలు పెట్టి, వాటి మీద రెండు కటకాలున్న చిన్న పరికరం నిలబెట్టింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఒక సర్వే విమానం ఆ తీరం మీదుగా ఎగురుతూ తీసిన ఫోటోలవి. విదేశంలో ఒక పాత దస్త్రాల గదిలో దొరికాయి. మామూలుగా చూస్తే బూడిదరంగు కాగితం మీద మశూచి మచ్చల్లాంటి చుక్కలు, అంతే. దేవదానం కళ్లజోడు తీసి కటకాల్లోకి వంగాడు. కాసేపు ఏమీ కనిపించలేదన్నాడు. ఆమె ఒక ఫోటోను గోటితో కొంచెం జరిపింది. అతను తటాలున వెనక్కి తగ్గి బల్ల అంచు పట్టుకున్నాడు. రెండు ఫోటోలూ ఒక్కటై, మచ్చలన్నీ లోతుకు దిగి గోతులయ్యాయి.

"పడతానేమో అనిపించింది అమ్మాయ్," అన్నాడు.

ఎండ తూర్పు నుంచి పడుతున్నప్పుడు దిబ్బకైతే పడమటి వైపు నీడ ఉంటుందని, గొయ్యికైతే లోపలి తూర్పు గోడకు నీడ ఉంటుందని ఆమె చూపించింది. ఉప్పు మడి నాలుగు పలకలుగా ఉంటుంది, గట్టు తిన్నగా ఉంటుంది. ఇవన్నీ గుండ్రంగా, చుట్టూ ఎగిరిపడ్డ మట్టి వలయంతో, విమానం వచ్చిన దారి వెంట వరసలుగా ఉన్నాయి. మూడు వందల పదహారు.

కానీ ఫోటోల్లో గోతులు పట్టడం పాత విద్య. సలోమి పన్నెండేళ్లు కష్టపడి తయారుచేసినది వేరు. దానికి ఆమె పెట్టిన పేరు ఆనవాలు. ఒకసారి పేలుడుకు తిరగబడిన నేలలో అడుగు మట్టి పైకి, పై మట్టి అడుగుకు పోతుంది. గొయ్యి పూడిపోయి, పైన గడ్డి మొలిచి, కంటికి చదునుగా కనిపించినా పొద్దు పొడిచినప్పుడు ఆ చోటు చుట్టుపక్కల నేలకంటే కొద్ది క్షణాలు ఆలస్యంగా వేడెక్కుతుంది. పిట్టంత విమానానికి వేడిని చూసే కన్ను తగిలించి ఆమె ఆ నేల మీద నలభై ఉదయాలు తిప్పింది. ఆనాటి ఫోటోనూ ఈనాటి వేడినీ కలిపి, మధ్యలో నేల ఏ ఏడు ఎంత మానిందో ఆనవాలు లెక్క కడుతుంది. ఎవరూ తీయని ఫోటోలను, నడుమ ఏ సంవత్సరానికైనా, తెర మీద గీసి చూపిస్తుంది. ఇంకా వెనక్కి, మొదటి బాంబు పడకముందు రోజుకు కూడా వెళ్తుంది.

ఆమె వెనక్కి తిప్పింది. తెర మీద గోతులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మట్టి వలయాలు సర్దుకున్నాయి. ఇసుకలో సన్నటి గీతలు తేలి, బాటలయ్యాయి. గుండ్రటి పాకలు, పశువుల కొట్టాలు, ఒక బావి, దానికి ఎదురుగా శిలువ ఆకారంలో ప్రార్థన మందిరం పునాది.

దేవదానం ఊరు ఖాళీ అయిన నాలుగేళ్లకు పుట్టాడు. తన ఊరిని అతను ఎన్నడూ చూడలేదు. తండ్రి చెప్పగా విన్నాడు, అంతే. తెర మీద వేలు పెట్టి బావి దగ్గర్నుంచి బాట వెంట లెక్కపెట్టుకుంటూ పోయి ఒక పాక మీద ఆపాడు. చాలాసేపు వేలు తీయలేదు.

తర్వాత అడిగాడు. "ఈ ఎర్ర చుక్కలేందే?"

సలోమికి అబద్ధం నోటికి రాలేదు. పడి కూడా పేలని బాంబులని చెప్పింది. పేలని బాంబు సన్నటి బొరియ చేసుకుని లోపలికి దిగిపోతుంది. ఏడాదిలో బొరియ పూడుతుంది. ఏ ఫోటోలోనూ కనపడదు. వేడిలో మాత్రం ఆనవాలు పడుతుంది. అలాంటివి నలభై ఒకటి. పదింట్లో రెండు పొరపాటు కావచ్చు. సొరుగులోని నాలుగు కాగితాలు వాటి జాబితాయే.

కోర్టు అడిగింది గుంటల గురించే. అడిగినదానికి జవాబు చెప్పాం, అడగనిది చెబితే కేసు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు అని శేషగిరి గారు అన్నారు. ఆయన మంచివాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. సలోమి భయం ఇంకొకటి. ఆ జాబితా బయటపెడితే ప్రమాదకరమైన భూమి అని ముళ్లకంచె వేసి ఇంకో ఎనభై ఏళ్లు ఎవరినీ రానివ్వరు. దాచిపెడితే మామ గెలుస్తాడు. గెలిచిన మరునాడే ఊరంతా నాగళ్లతో ఆ నేల మీదికి దిగుతుంది. ఈ రెండింటి మధ్య తొమ్మిది రోజులు తిరిగింది. సోమవారం తప్పకుండా ఇచ్చేస్తానని మామతో అంది. అతను తల ఊపాడు.

సోమవారం పొద్దున్నే ఆమె లేచేసరికి దేవదానం మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. స్నానానికి వెళ్లాడనుకుంది. వరండాలో చూసింది. కింద టీ కొట్టులో అడిగింది. ఎనిమిదింటికి కరుణమ్మ ఫోన్ చేసింది. నిన్న చీకటి పడ్డాక వస్తానని చెప్పకుండానే ఇంటికొచ్చాడని, తెల్లవారగానే పన్నెండుమందిని పోగుచేసి పారలు, గునపాలు పట్టించుకుని పాత దిన్నెకు పోయాడని, ఏమిటని అడిగితే సాక్ష్యం తేవడానికి అన్నాడని చెప్పింది. ఆదివారం సాయంత్రం చర్చికి వెళ్తానని బయల్దేరిన మనిషి తిరిగొచ్చిన అలికిడి తాను వినలేదని సలోమికి అప్పుడు తట్టింది. మంచం సంగతి పొద్దున దాకా చూసుకోనే లేదు.

కారులో ఒంగోలు దాటేదాకా ఆమె అతనికి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు. పోలీసులకు చెప్పింది. ప్రయోగశాలలో ఆగి సొరుగులోని కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది గనుక శేషగిరి గారికి కూడా చెప్పింది. ఉప్పు కాలువ దగ్గర కారు దిగి మిగతా దూరం పరుగెత్తింది.

బావికి ఉత్తరాన, మందిరం పునాది పక్కన, ఆమె తెర మీద చూపించిన మొదటి ఎర్ర చుక్క దగ్గర, మనుషులు ఛాతీ లోతు గొయ్యి తవ్వి ఉన్నారు. అడుగున తడి ఇసుకలోంచి తుప్పుపట్టిన ఇనుప రెక్కలు జానెడు మేర పైకి కనిపిస్తున్నాయి. గొయ్యిలో ఇద్దరు పారలు పట్టుకుని దాని చుట్టూ ఇసుక తీస్తున్నారు. దేవదానం గట్టు మీద చతికిలబడి, మెల్లిగా, మెల్లిగా అంటున్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. పారలు అక్కడే వదిలేసి ఒకరి తర్వాత ఒకరు పైకి రమ్మంది. ఆమె ముఖం చూసి వాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. అందరూ కాలువ గట్టు దాటేదాకా దేవదానం కదలలేదు. ఆమె వెళ్లి అతని జబ్బ పట్టుకుంది.

"ఏం పని చేశావు మామా?"

"గుంటల్ని ఉప్పు మళ్లన్నారు గదా," అన్నాడతను. "దీన్ని ఏమంటారో అడగమను."

అతను చెప్పింది నిజమే. మూడు వందల పదహారు గోతులు చెప్పలేనిది ఆ ఒక్క ఇనపముక్క చెప్పింది. కానీ ఆ గొయ్యిలో ఉన్న ఇద్దరిలో ఒకడు కరుణమ్మ అన్న కొడుకు ఏసుపాదం. ఇంటి దగ్గర అతని భార్య నిండు నెలలతో ఉంది.

సైన్యం వాళ్లు వచ్చారు. ఇసుక బస్తాలు పేర్చి బాంబును అక్కడే పేల్చారు. ఆ అదురుకు కొత్తదిన్నెలో సగం గోడలు బీటలిచ్చాయి. సలోమి జాబితా ఆ మధ్యాహ్నమే కలెక్టరుకు, కోర్టుకు చేరింది. పాత దిన్నెకు రెండు కిలోమీటర్ల లోపల ఎవరూ ఉండకూడదని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. నూట నలభై కుటుంబాలు మళ్లీ మూటలు కట్టుకున్నాయి. తాతలు ఒకసారి ఊరు విడిచారు, మనవలు రెండోసారి విడిచారు. పదిహేను కిలోమీటర్ల అవతల తుఫాను షెడ్లలో వాళ్లను దింపారు.

తీర్పు నెల తిరక్కుండానే వచ్చింది. భూమి మొగిలిదిన్నె వాళ్లదే. అయితే బాంబులు తీసి శుభ్రం చేసిన తర్వాతే అప్పగించాలి. పని అయిదారేళ్లు పట్టవచ్చు. ఏ ముక్క ముందు, ఏ ముక్క తర్వాత అనేది ఆనవాలు పటం ప్రకారం సాగాలి. పట్టా కాగితం చేతికొచ్చిన రోజు దేవదానం దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తుఫాను షెడ్డులో దూలానికి వేలాడగట్టాడు. దాన్ని చూడటానికి షెడ్డులోకి వచ్చినవాళ్లకు కరుణమ్మ టీ ఇచ్చి ఇచ్చి విసిగిపోయి, దాన్ని దించి బియ్యపు డబ్బాలో పెట్టింది.

బాంబులు తీసే సంస్థ స్థానికుల్ని పనిలోకి తీసుకుంది. మట్టి తవ్వే యంత్రం నడపడం వచ్చిన ఏసుపాదం అందులో చేరాడు. మొదటి రెండు నెలల్లో పదకొండు బాంబులు తీశారు. ఎర్ర చుక్క పెట్టిన చోటల్లా, రెండు మూడు మినహా, ఇనుము దొరికింది. సలోమి వారానికి రెండు రోజులు అక్కడే ఉండేది. రాత్రికి షెడ్డులో కరుణమ్మ పక్కన పడుకునేది. పగలు పటం పట్టుకుని గట్ల వెంట తిరిగేది. ఆ రెండు నెలలూ ఆమె కాస్త తేలికపడింది.

మూడో నెలలో ఒక మంగళవారం, చుక్క లేని చోట పేలుడు జరిగింది. యంత్రం వెళ్లడానికి బాట చదును చేస్తుంటే, పటంలో బాంబు పేలిన గొయ్యిగా చూపించిన చోట, దాని అడుగున ఇంకో చిన్న బాంబు ఉంది. యంత్రం పక్కకు ఒరిగింది. ఏసుపాదం ఎడమ కాలు చీలమండ పైదాకా తెగిపోయింది.

ఒంగోలు ఆసుపత్రిలో సలోమి అతని మంచం పక్కన నిలబడింది. కూర్చోమని అతని భార్య స్టూలు జరిపింది. ఆమె భుజం మీద నాలుగు నెలల పిల్ల. ఏసుపాదం మందుల మత్తులో ఉన్నాడు. కళ్లు తెరిచి చూసి, గుర్తుపట్టాడు.

"అక్కా, ఆడ చుక్క లేదు గదా," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. తాను పటం సరిగ్గా చూశాడా లేదా అని సందేహపడుతున్నాడు. తప్పు తనదేమోనని.

"నువ్వు సరిగ్గానే చూశావు. చుక్క లేదు. తప్పు నాది," అంది ఆమె. అతను మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. ఆ మాట విన్నాడో లేదో తెలియలేదు. అతని భార్య మాత్రం విన్నది. పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

సలోమి పని ఆపేయమంది. ఆనవాలు ఇక నమ్మదగ్గది కాదని, తాను ఉద్యోగం మానేస్తానని రాసి శేషగిరి గారి ముందు పెట్టింది. ఆయన చదివి పక్కన పెట్టారు. పటం లేకుండా అదే నేలను గుడ్డిగా తవ్వితే ఎంతమంది పోతారో లెక్క వేసి తెమ్మన్నారు. ఆమె వేసింది. ఆ అంకె చూశాక రాజీనామా మాట ఎత్తలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో వెతకడం మొదలుపెట్టింది. అన్నం కంచం పక్కన పెట్టుకుని వెతికింది, బస్సులో వెతికింది. ఆరు వారాలకు దొరికింది. ముందు పేలిన గొయ్యిలోనే తర్వాతెప్పుడో ఇంకో బాంబు పడి పేలకుండా దిగిపోతే, తిరగబడ్డ మట్టి దాన్ని కప్పేస్తోంది. ఒక గాయం వెనక ఇంకో గాయాన్ని ఆనవాలు చూడలేకపోయింది. దిద్దింది. కొత్తగా తొమ్మిది చుక్కలు వచ్చాయి. తొమ్మిదింటినీ తవ్వితే ఏడింట ఇనుము దొరికింది. ఇక ఎన్ని దాటిపోయి ఉండవచ్చని అధికారులు అడిగితే, నూటికి రెండు అని రాసిచ్చింది. సున్నా అని రాయమని ఒకాయన అడిగాడు. రాయనంది.

మరుసటి ఏడు మాఘమాసంలో మొదటి ముక్క అప్పగించారు. ఆరెకరాలు. బావి, మందిరం పునాది, పాత పాకల చోట్లు కొన్ని అందులోనే ఉన్నాయి. ఏ ముక్క ముందు కావాలని అడిగినప్పుడు ఊరివాళ్లు ఇళ్ల స్థలాలు అడగలేదు, సమాధుల స్థలం అడిగారు. నీళ్లలో పాతిపెట్టడం ఇక తమవల్ల కాదన్నారు.

ఆ రోజు తుఫాను షెడ్ల నుంచి పది లారీల్లో జనం వచ్చారు. ఆరెకరాల చుట్టూ ఎర్ర జెండాలు కట్టిన తాడు ఉంది. పాస్టరు ప్రార్థన చేశాడు. తహశీల్దారు కాగితం చదివి, ఇక మీ భూమిలోకి మీరు వెళ్లవచ్చు అన్నాడు.

ఎవరూ కదలలేదు.

తాడు వెంట నూట నలభై కుటుంబాలు నిలబడి ఉన్నాయి. ముందు వరసలో ఏసుపాదం చంక కర్రల మీద ఉన్నాడు. పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. తహశీల్దారు మళ్లీ చెప్పాడు. జనం నేలకేసి చూశారు, ఏసుపాదం కాలికేసి చూశారు, తర్వాత ఒక్కొక్కరే సలోమి కేసి చూశారు. పోదాం పదండి అని ఎవరూ అనలేదు, మీరు ముందు నడవండి అని కూడా ఎవరూ అడగలేదు.

నూటికి రెండు అనే అంకె ఆమె తన చేత్తో రాసింది. ఆ ఆరెకరాల్లో తొమ్మిది చోట్ల ఇనుము తీశారు. కాగితం మీద మిగిలింది ఏమీ లేదు.

ఆమె తాడు పైకెత్తి, వంగి లోపలికి వెళ్లింది.

మామూలుగా నడవాలని చూసింది. మరీ నెమ్మదిగా నడిస్తే భయమని తెలిసిపోతుంది. తొందరగా నడిస్తే అదీ భయమే. గడ్డి ముళ్లు చీర అంచుకు అంటుకుంటున్నాయి. అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎనభై దాకా వెళ్లి లెక్క తప్పింది. ఒకచోట కాలి దగ్గర్నుంచి తీతువు పిట్ట అరుస్తూ లేచింది. వెనక జనంలో ఎవరో ప్రభువా అన్నారు. ఆమె ఆగలేదు. బావి పక్కగా, పునాది పక్కగా, అవతలి తాడు దాకా నడిచి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగింది.

దేవదానం అప్పటికే తాడు దాటాడు. చెప్పులు లేవు. ఆమె నడిచిన గీత వెంట రావడంలేదు. గడ్డికి అడ్డంపడి, తిన్నగా, తండ్రి పాక ఉన్న మూలకేసి పోతున్నాడు.

నా అడుగుల్లో అడుగేసి రా మామా అని అరవబోయింది. నోరు తెరిచింది కూడా. ఆ మాట అంటే, ఇంతసేపు నడిచి తాను వాళ్లకు చెప్పినదంతా అబద్ధమవుతుంది. పెదవులు బిగించుకుంది.

అతని వెనక కరుణమ్మ దాటింది. ఆ తర్వాత ఏసుపాదం భార్య, పిల్లను చంకనెత్తుకుని. ఆ తర్వాత అందరూ. ఎవరి తాతల చోటు ఎటు ఉందని విన్నారో వాళ్లు అటు, విడివిడిగా, వేర్వేరు దారుల్లో పోసాగారు. సలోమి తాడు పట్టుకుని వాళ్ల పాదాలనే చూస్తూ నిలబడింది. ఒక పాదం నేలకు ఆనగానే ఇంకో పాదం కేసి చూసింది, దాని నుంచి మరో పాదానికి. ఇన్ని పాదాలను ఒక్క మనిషి చూడటం అయ్యేపని కాదు. అయినా చూస్తూనే ఉంది.